అడ్డదారి నీళ్లు

ఆ వేసవిలో టిప్టన్ గారి కారు మా షెడ్డుకు అయిదుసార్లు వచ్చింది. అయిదుసార్లూ ఆవిరి కక్కుతూనే వచ్చింది.

బాగుచేసి పంపిన బండి అదే రోగంతో తిరిగిరావడం మా ఇంటా వంటా లేదు. మా నాన్న హోరస్ ప్రీస్ పేరు చెబితే లడ్‌లో పట్నం నుంచి బర్మింగ్‌హామ్ దాకా పాత స్పోర్ట్స్ కార్లున్న వాళ్లందరికీ తెలుసు. వేరే ఏ పనీ పట్టేవాడు కాదు. రేడియేటర్లు, నీళ్ల పంపులు, రబ్బరు గొట్టాలు, అంతే. ఇంజను మీద అరచెయ్యి ఆనించి లోపల నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చెప్పేవాడు. నేను ఆయన దగ్గర నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్నాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. టంకం పెట్టడంలో ఆయన కన్నా నా చెయ్యే నిలకడ అని అమ్మ దగ్గర అనేవాడు, నాతో అనేవాడు కాదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండలు చూసినవాళ్లకు మరో ఎండ ఆనదు. కిందటేడూ వానలు సరిగ్గా లేవు, జూన్ నుంచయితే చినుకే లేదు. కొండల మీద గడ్డి గొర్రెల రంగుకు తిరిగింది. తోటలకు గొట్టంతో నీళ్లు పెట్టడం నిషేధం. ఎండ కాసిందే చాలన్నట్టు, ఏడాదంతా గుడ్డ కప్పుకుని పడుకున్న రెండు సీట్ల కార్లన్నీ పైకప్పు విప్పుకుని రోడ్డెక్కాయి. చలిదేశం వాళ్లు చలిదేశం కోసం చేసుకున్న బండ్లు, క్లీ హిల్ ఎత్తు సగం ఎక్కేసరికి వాటి పని అయిపోయేది. మా వాకిట్లో వరసగా నిలబడేవి. మాకేమో పోయడానికి నీళ్లు లేవు. అమ్మ స్నానాల నీళ్లు బకెట్లకెత్తి షెడ్డుకు పంపేది. వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చిన ఒకాయన రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, రేడియేటర్ మూత తీసి నురగ చూపించి, "నా కారుకు తలంటు పోశారా ఏంటి?" అన్నాడు. ఆ వేసవిలో నాన్న నవ్వడం నేను చూసింది అదొక్కసారే అనుకుంటాను.

టిప్టన్ గారు నలభై ఏళ్లు మా చుట్టుపక్కల పశువులకు వైద్యం చేసి మానేసిన మనిషి. డెబ్బై నాలుగేళ్లు. ఆకుపచ్చ ట్రయంఫ్ కారు, కొత్తలో కొన్నది, పదిహేడేళ్లుగా ఆయనే నడుపుతున్నారు. భార్య సిబిల్ గారిని కూడా స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. మొదటిసారి జులై మొదట్లో వచ్చారు. నాన్న ఆ కారు తనే చూస్తానని నన్ను వేరే పని మీద పెట్టాడు. సాయంత్రానికి "అయిపోయింది" అన్నాడు. పది రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ "అయిపోయింది" అన్నాడు. ఆగస్టులో నల్లచుక్కల అక్షింతల పురుగులు మేఘాల్లా వచ్చి పడ్డప్పుడు మూడోసారి వచ్చింది. రేడియేటర్ సందుల్లో పురుగులు ఇరుక్కుని గాలి ఆడడం లేదన్నాడు నాన్న. నేను నమ్మాను. ఆ వారం వచ్చిన బండ్లన్నిటికీ అదే రోగం మరి. కానీ పురుగులు దులిపాక మిగతావన్నీ బాగుపడ్డాయి. ట్రయంఫ్ మాత్రం నాలుగోసారి వచ్చింది.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. పెట్రోలు పోసే సిరిల్ బౌండ్స్ సోమవారం సంతలో పదిమందీ వినేట్టుగా అన్నాడు. "మీ నాన్నకు చెప్పు గ్వెండా, రేడియేటర్లో పోసేది నీళ్లు, బీరు కాదు." పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. నేను క్యాబేజీ పట్టుకుని ఇంటికి వచ్చేశాను. నాన్నతో చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

నాకు తెలియనిదల్లా ఏం జరుగుతోందన్నదే. ఆ కారు చూడ్డానికి పూనుకుంటే నాన్న నన్ను పక్కకు పంపేవాడు. మిగతా పనిలో ఆయన చెయ్యి ఎప్పటిలాగే ఉంది. ఒక్క పొరపాటు లేదు. ఈ ఒక్క కారు దగ్గరకొచ్చేసరికి నిన్నగాక మొన్న పనిలో చేరినవాడిలా అయిపోయేవాడు.

ఒక గురువారం సిబిల్ గారు ఒంటరిగా వచ్చారు. గిన్నెలో ఉసిరికాయల్లాంటి పుల్లపండ్లు తెచ్చారు. నాన్నా ఆమే షెడ్డు వెనక నిలబడి మాట్లాడుకున్నారు. కిటికీ అద్దంలోంచి చూస్తే నాన్న ఆమె రెండు చేతులూ పట్టుకుని ఉన్నాడు. ఎవరి చేతులూ పట్టుకునే మనిషి కాడు. కిటికీ తెరిచే ఉంది. "ఇంకొన్నాళ్లు, హోరస్," అన్నారు ఆమె. "వాన పడేదాకా చాలు. వాన పడితే ఆయనే మానుకుంటాడు."

వానకూ దీనికీ ఏమిటి సంబంధం? ఏం మానుకుంటాడు? ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న ముఖం చూడలేకపోయాను. మర్నాడు ఆయన లేనప్పుడు అమ్మను కదిపాను. సిబిల్ గారు ఎందుకొచ్చారని అడిగాను. అమ్మ చేస్తున్న పని ఆపలేదు.

"నువ్వనుకునేది కాదులే," అంది.

"నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు?"

"ఇరవై మూడేళ్ల పిల్లకు ఇంకేం తోస్తుంది. ఆ బంగాళాదుంపల తొక్క తియ్యి."

అమ్మకు తెలుసన్నమాట. ఏం తెలుసో మాత్రం నాకు తెలియదు.

ఆగస్టు ఆఖరి గురువారం నాన్న రేడియేటర్ల జాలీలు కొనడానికి పొద్దున్నే రైలెక్కి బర్మింగ్‌హామ్ వెళ్లాడు. పది గంటలకు ట్రయంఫ్ వచ్చింది, అయిదోసారి. టిప్టన్ గారు దిగి, స్టూలుకు మోకాలు తగిలించుకుని, స్టూల్ని తిట్టి, దాని మీదే కూర్చున్నారు. నాన్న సాయంత్రానికి వస్తాడని చెప్పాను.

"తెలుసు. స్టేషన్లో చూశాను," అన్నారాయన. "నువ్వున్నావు కదా."

జేబులోంచి పేపరు ముక్క తీశారు. దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల కాస్త పక్కకు తిప్పి చూసి, నాకిచ్చారు. ఎండిపోయిన జలాశయం ఫొటో. పగిలిన బురదలో మోకాలెత్తు రాతి గోడలు. వేల్స్ కొండల్లో పెంట్రె ఇసాఫ్ అనే ఊరు అట అది. ఆయన తల్లి అక్కడే పుట్టింది. ఆమెకు పదహారేళ్లప్పుడు, ఇంగ్లండు నగరాల కుళాయిల కోసం లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టి ఊరును ముంచేశారు. బతికినన్నాళ్లూ మా ఇల్లు, మా ఇల్లు అంటూనే ఉండేదట. చర్చి పక్కన మూడో ఇల్లు, గుమ్మంలో నల్లరాయి.

"సోమవారం నుంచి వానలంటున్నారు," అన్నారు. "ఊరు మళ్లీ కిందికి పోతుంది. మళ్లీ ఇంత ఎండ వచ్చేదాకా నేనుంటానా?"

నాన్న వ్యానులో తీసుకెళ్తాడు కదా అన్నాను. అడిగాడనీ, సిబిల్ కూడా రైల్లో వెళ్దామందనీ చెప్పారాయన.

"మా అమ్మ ఇంటికి నేను సామానులాగా పోను, అమ్మాయ్."

నేను బానెట్ ఎత్తాను.

ఎత్తగానే కనబడింది. ముందున్న జాలీకీ రేడియేటర్‌కూ మధ్య గాలిని మళ్లించడానికి ఒక మందపాటి అట్ట ఉండాలి. అది లేదు. వచ్చిన గాలి రేడియేటర్ లోంచి పోకుండా పక్కల నుంచి జారిపోతోంది. తర్వాత పొట్టి రబ్బరు గొట్టం విప్పి చూశాను. వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌కు పోయి చల్లబడి రావాలి కదా. చలికాలంలో ఇంజను తొందరగా వేడెక్కడానికని, నీళ్లను రేడియేటర్ ముఖం చూపించకుండా తిరిగి ఇంజనులోకే పంపే అడ్డదారి ఒకటుంటుంది. అదే ఆ గొట్టం. వెనకటి థర్మోస్టాట్ కవాటాలు వేడి తగలగానే ఆ దారిని వాటంతటవే మూసేవి. తర్వాత వచ్చినవి మూయవు. అందుకని నాన్న ఆ గొట్టంలో చిన్న బెజ్జమున్న ఇత్తడి బిళ్ల దిగ్గొట్టేవాడు. ఆ కిటుకు నాకు నేర్పింది ఆయనే. ఈ కారుకు ఆ బిళ్ల లేదు. ఊళ్లో తిరిగినంతసేపూ ఫరవాలేదు. కొండెక్కితే సగం నీళ్లు అడ్డదారి పట్టి, వేడివి వేడిగానే తిరుగుతుంటాయి. మరగక ఏం చేస్తుంది?

బిళ్ల కోసం నాన్న సొరుగు తెరిస్తే పొగాకు డబ్బాలో దొరికింది. దానికి దారం కట్టి చీటీ తగిలించి ఉంది. చీటీ మీద పెన్సిలుతో ఈ కారు నంబరే. అట్ట కూడా బీరువా వెనక నిలబెట్టి ఉంది, అదే నంబరుతో.

చాలాసేపు ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డాను. మరిచిపోయినవాడు పేరు రాసి దాచడు. కావాలని తీసినవాడు ఊరంతా నవ్వుతుంటే ఊరుకోడు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు అంతుబట్టలేదు. చివరికి ఒకటే తోచింది. నాన్నకు మతి తప్పుతోంది. తీసి దాచాడు, దాచిన సంగతి మరిచిపోతున్నాడు. అమ్మకూ సిబిల్ గారికీ అది తెలుసు, నాకు చెప్పడం లేదు. అలా అనుకోగానే అన్నీ సరిపోయినట్టే అనిపించింది. 

రెండూ బిగించేశాను. ఒక్కదాన్నే క్లీ హిల్ పై దాకా నడిపి చూశాను. వేడి చూపించే సూది నూట ఎనభై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. తిరిగొచ్చి "అయిపోయింది" అన్నాను. టిప్టన్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపి, కారును నెమ్మదిగా వాకిలి దాటించుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం నాన్న వచ్చాక ఏమీ చెప్పలేదు. ఆయన మరుపును ఆయనకే ఎత్తి చూపడం ఇష్టం లేకపోయింది. అన్నం తింటూ ఎవరైనా వచ్చారా అని అడిగాడు. సిరిల్ బౌండ్స్ వ్యాను వచ్చిందన్నాను. అది నిజమే.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు ఫోను మోగింది. నాన్న తీశాడు. అవతల సిబిల్ గారి గొంతు గదిలోకి వినబడుతోంది. నాన్న మాత్రం తాపీగానే ఉన్నాడు.

"ఆరింటికి వెళ్లాడా? సరే సిబిల్, కంగారుపడకు. బిషప్స్ కాజిల్ ఎత్తు ఎక్కదు అది. దారి పక్కన కూర్చుని ఉంటాడు. నేను వెళ్లి తీసుకొస్తాను."

"ఆగదు నాన్నా," అన్నాను.

ఆయన ఫోను పెట్టకుండానే నా వైపు చూశాడు. అమ్మ టీ పోస్తూ ఆగింది.

"బిళ్ల పెట్టావా?"

"పెట్టాను."

"అట్ట?"

"అదీ పెట్టాను."

నాన్న ఫోనులోకి "వస్తున్నాను" అని మాత్రం అని పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. బూట్లు తొడుక్కుంటూనే చెప్పాడు, నా వైపు చూడకుండా. టిప్టన్ గారి చూపు పక్కల నుంచి ముడుచుకుపోతోందట. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదొక్కటే కనబడుతుంది. మార్చిలో కంటి డాక్టరు కారు మానెయ్యమన్నాడు. ఆయన వినలేదు. డాక్టరు కుర్రకుంక అన్నారు. జులై మొదట్లో, మునిగిన ఊరి ఫొటో పేపర్లో వచ్చిన రోజున సిబిల్ గారు నాన్న దగ్గరకు వచ్చి ఏడ్చారట. నడపొద్దని చెబితే ఆ మనిషి కుంగిపోతాడు, కారే వెళ్లనంటే కారును తిట్టుకుని ఊరుకుంటాడు, అన్నారట. నాన్న మాట ఇచ్చాడు.

"నాకు చెప్పి ఉండొచ్చుగా."

"ఎవరికీ చెప్పనన్నాను."

"అమ్మకు చెప్పావు."

అమ్మ కప్పులు తీసేసింది.

వ్యాను నేను నడిపాను. ప్రతి మలుపు దగ్గరా కంచెల్లోకి చూస్తున్నాను, ఆకుపచ్చ రేకు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. ఎండిపోయిన కంచెల్లో ఆకుపచ్చ ఏదైనా ఉంటే అదే అయ్యుండాలి. బిషప్స్ కాజిల్ ఎత్తు దాటాం. దారి పక్కన ఎవరూ లేరు. నాన్న కిటికీలోంచే చూస్తున్నాడు. నాకు కోపమో భయమో తెలియడం లేదు. కాసేపు ఆయన మీద, కాసేపు నా మీద. ఇంకా వింతేమిటంటే, మతి పోలేదు కదా అని లోపల ఎక్కడో ఊరట. ఆ ఊరటకు సిగ్గు.

"పెద్ద కొండ ఎక్కనివ్వలేదు సరే," అన్నాను. "ఊళ్లో తిరిగారు కదా, రెండు నెలలు. ఊళ్లో మాత్రం మనుషులు ఉండరా నాన్నా?"

"ఉంటారు," అన్నాడు. మరో మైలు పోయాక, "రోజూ అదే అనుకున్నాను," అన్నాడు.



పదకొండు దాటాక ఆనకట్ట దగ్గరకు చేరాం. మునిగిన ఊరు చూడ్డానికి తీర్థానికి వచ్చినట్టు వచ్చారు జనం. ఐస్‌క్రీం బండి కూడా పెట్టారు. కార్ల వరస చివర ట్రయంఫ్ ఉంది, ఒక చక్రం గడ్డి మీదికెక్కించి. నాన్న గబగబా వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. అలవాటు. నేను చుట్టూ తిరిగి చూశాను. ఎడమవైపు, వెనక దారి చూసుకునే అద్దం లేదు. అది ఉండాల్సిన చోట రేకు చిరిగి ఉంది.

టిప్టన్ గారు లోయ అడుగున, చర్చి రాళ్లు దాటి మూడో గోడ మీద కూర్చుని ఉన్నారు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నారు. బురద ఎండి పెంకుల్లా లేచింది. మేము నడుస్తుంటే కాళ్ల కింద చిట్లుతోంది. మమ్మల్ని బాగా దగ్గరకొచ్చేదాకా చూడలేదు. చూశాక ఆశ్చర్యపోలేదు.

"నల్లరాయి లేదు, హోరస్," అన్నారు. "ఎవరో పట్టుకుపోయారు. ఇదే ఇల్లో, పక్కదో."

నాన్న ఆయన పక్కన కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. ఎవరూ అడక్కుండానే ఆయన చెప్పారు.

"వెల్ష్‌పూల్‌లో ఒకమ్మాయి పిల్లబండి తోసుకుంటూ రోడ్డు దాటింది. నేను దాటేశాక చూశాను."

"పిల్లకు?" అన్నాను నేను.

"అద్దమే తగిలింది, బండి పిడికి. ఆపి దిగాను. పిల్ల నిద్ర కూడా లేవలేదు. ఆ తల్లి నన్ను ఒక్క మాటనలేదమ్మా. ఊడిన అద్దం ఏరి నా చేతికిచ్చింది." ఆయన కోటు జేబు తడుముకున్నారు. తీయలేదు. "అక్కడి నుంచి ఇక్కడికి పాతిక మైళ్లు, అయినా నడుపుకుంటూ వచ్చాను. ఇంత దూరం వచ్చి ఆగడమెందుకని. అదీ నేను."

అప్పుడు నాన్న చెప్పబోయాడు, బిళ్ల గురించి, సిబిల్ గారి గురించి. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నలభై ఏళ్లు నోరులేని జీవాల్ని చూశాను హోరస్. కుంటేదేదో, ఎవరో కుంటిస్తున్నదేదో నాకు తెలియదా? నీ చేతిలో ఒక రోగం నాలుగుసార్లు మిగిలిపోతుందా?"

"తెలిస్తే ఎందుకు తెచ్చావు మరి?" అన్నాడు నాన్న.

"నువ్వు నాకు చెబుతావేమోనని."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. లోయ మీద ఎక్కడో పిల్లలు అరుస్తున్నారు. నాకు ఒక్కటే మిగిలింది. అడిగాను.

"మరి నన్నెందుకు అడిగారు, టిప్టన్ గారూ?"

ఆయన నా గొంతు వినబడ్డ వైపు తల తిప్పి, ముఖం దొరికేదాకా వెతికారు.

"నువ్వు బాగుచేస్తావని," అన్నారు.

బూట్లు తొడుక్కుని లేచి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. నాన్న చేతిలో కాదు.

తిరుగుదారిలో ట్రయంఫ్ నేను నడిపాను. నాన్న వెనకాల వ్యానులో వచ్చాడు. టిప్టన్ గారు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని, ఇప్పుడు ఏ ఊరు, కుడివైపు ఏముంది అని అడుగుతూ వచ్చారు. చెప్పాను. వెల్ష్‌పూల్ దగ్గర అడగలేదు. సూది కదల్లేదు. ఇంటి ముందు సిబిల్ గారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన దిగి, ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని, దాహంగా ఉందన్నారు. అంతే. వాళ్లు లోపలికి వెళ్లాక తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక గుమ్మంలో పెట్టి వచ్చాను.

సోమవారం వాన పడింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చి తడిసింది. అక్టోబరులో హెరెఫర్డ్ వాళ్లెవరో వచ్చి ఆ కారు కొనుక్కుపోయారు. సిరిల్ బౌండ్స్‌కు నాన్న ఏ సంజాయిషీ ఇవ్వలేదు. కూతురు పట్టుకున్న లోపాన్ని తండ్రి పట్టుకోలేకపోయాడన్న మాట ఊళ్లో అలాగే ఉండిపోయింది.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేను. పిల్లబండి మరో అడుగు ముందుంటే ఏమయ్యేదోనని ఒకరోజు అనుకుంటాను. ఆ బిళ్ల అలాగే డబ్బాలో ఉండిపోతే ఆయన ఇంకెన్నాళ్లు ఊళ్లో నడిపేవారోనని ఇంకోరోజు. రెండూ చివరిదాకా ఆలోచించలేను. ఒకటి మాత్రం తెలుసు. ఆ వేసవి తర్వాత నాన్న "అయిపోయింది" అన్న ప్రతి కారు బానెట్టూ నేను మళ్లీ ఎత్తి చూసేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. ఆయన గమనించేవాడు. చేతులు తుడుచుకుంటూ పక్కకు వెళ్లిపోయేవాడు. కొన్ని నెలలు అలా గడిచాక, ఆయన పని ముగించిన కార్ల బానెట్లు దించడం మానేశాడు. నేను వచ్చి చూసి దించేదాకా అవి అలాగే తెరిచి ఉండేవి.